ఐనచో, కానిచో

ఈ శీర్షిక క్రింద మన మింతవరకు లెక్కల చిక్కులను, పొడుపుకథలను విప్పుకొనుచు వచ్చితిమి. ఈ మాసము ఒక సోదరి వ్రాసిన జాబును పురస్కరించుకొని కొంచెము గంభీరమైన విషయమును ముచ్చటింప నెంచితిని. ఆమె కుమార్తె అమెరికాదేశమున న్యాయశాస్త్రము చదువగోరి, అచ్చటి కళాశాలలలో ప్రవేశమునకై జరుగు ఎల్‌శాట్ అను పరీక్షకు సిద్ధపడుచున్నదట. “అమ్మాయి తెలివిగలదే. ఎంత పెద్ద పాఠమైనను రెండుమారులు చదివి యొప్పచెప్పగలదు. కాని ‘ఐనచో’ అను మాట కనబడిన చాలును, తడబడుచున్నది. నేను కళాశాల గడప త్రొక్కినదానను గాను. దీనిలో నే నేమైన సాయపడగలనా?” అని ఆమె యడిగినది.

తప్పక సాయపడగలరు. ‘ఐనచో’ అను మాట కళాశాలలో పుట్టినది కాదు. అది మన వంటయింటిలో దినమునకు నూఱుమారులు వినబడు మాట. దాని మర్మము తెలిసికొనుటకు కావలసినది నిదానము గాని పట్టము కాదు.

ముందుగా ఆ పరీక్ష సంగతి కొంచెము చెప్పవలెను. ఎల్‌శాట్ 1948లో మొదలైనది. 1982 మొదలు 2024 జూన్ వరకు అందులో విద్యార్థులు తర్కక్రీడలని పిలుచు భాగ మొకటి యుండెడిది. ఆఱుగురో యేడుగురో మనుష్యులను చెప్పి, ఎవరు వెళ్ళిన నెవరు వెళ్ళరాదో నియమములు పెట్టి, వానినుండి తేలు ఫలితముల నడుగుదురు. 35 నిమిషములలో అట్టి చిక్కులు నాలుగు విప్పవలెను. వీనిని విప్పుటకు కాగితముపై పటములు గీచికొనుట అందఱకు నలవాటు. చూపులేనివారు పటము గీయుట యెట్లు? ఈ యన్యాయమును గూర్చి వ్యాజ్యము నడచి 2019లో రాజీ కుదిరినది. ఆ రాజీ ఫలితముగా 2024 ఆగస్టునుండి ఆ భాగమును తీసివేసిరి. ఇప్పుడు మార్కులకు వచ్చు భాగములు మూడు: తర్కవిచారణ రెండు, పఠనావగాహన ఒకటి. మార్కులకు రాని భాగ మింకొకటి కలిపి యుంచెదరు. ఒక్కొక్క భాగమునకు 35 నిమిషముల గడువు.

కనుక ఆ సోదరి మొదట చూడవలసినది కుమార్తె చేతనున్న పుస్తక మేనాటిదో యనునది. పాతపుస్తకము చౌకగా దొరకినదని కొని, ఇప్పుడు లేని భాగముపై నెలలకొలది శ్రమించినవారు పరీక్షనాడు చింతింపవలసివచ్చును. ఐనను ఒక్కమాట. పటములు పోయినవి గాని ‘ఐనచో’ పోలేదు. తర్కవిచారణలో నేటికిని అదియే వెన్నెముక. మనదేశమున హైదరాబాదులోని నల్సారునకును, విశాఖపట్టణములోని దామోదరం సంజీవయ్య న్యాయవిశ్వవిద్యాలయమునకును ప్రవేశము కల్పించు క్లాట్ పరీక్షలోను తర్కవిచారణ యున్నది. కావున ఈ ముచ్చట ఆ యొక్క యమ్మాయికే గాక మన యిండ్లలోని పిల్లలకందఱకు నుపయోగించును.

ఇక విషయమునకు వత్తము. మా తండ్రిగారు నాకు ఇంటియొద్దనే తర్కసంగ్రహమును పాఠము చెప్పిరి. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దమున బాలురకొఱకు రచించిన చిన్న పుస్తకమది. అందులో ముఖ్యోదాహరణము ఎక్కడిదో యెఱుగుదురా? వంటయింటిది! పొగ యున్నచోట నిప్పుండును, వంటయింటిలోవలె. నిప్పు లేనిచోట పొగ యుండదు, మడుగులోవలె. మొదటిదానిని అన్వయమనియు, రెండవదానిని వ్యతిరేకమనియు చెప్పుదురు. పండితులు మన పొయ్యిని చూచి శాస్త్రము నేర్చిరి. పొయ్యిముందు కూర్చున్న మనము దానిని పరాయిదనుకొన నేల?

ఈ పొగ, నిప్పులతో నాలుగు వాక్యములు కూర్చి చూడుడు.

ఒకటి: పొగ యున్నచో నిప్పుండును. 
రెండు: నిప్పున్నచో పొగ యుండును. 
మూడు: పొగ లేనిచో నిప్పుండదు. 
నాలుగు: నిప్పు లేనిచో పొగ యుండదు.

నాలుగును ఒక్కతీరుగ వినబడుచున్నవి. కాని మొదటిదియు నాలుగవదియు మాత్రమే నిజము. రెండవది నిజము కాదు. ఏలయన, కమ్మరి కొలిమిలో నెఱ్ఱగా కాలిన యినుపగుండునందు నిప్పున్నది, పొగ లేదు. ఈ యినుపగుండు కూడ శాస్త్రములోని యుదాహరణమే. నేటి మన గ్యాసుపొయ్యి నీలిమంటయు నట్టిదే. నిప్పునకు తడికట్టె తోడైననే పొగ వచ్చును. ఆ తడిని శాస్త్రకారులు ఉపాధి యనిరి. రెండవది పొల్లైనప్పుడు మూడవదియు పొల్లే. ఆ రెండును ఒక్కమాటనే రెండువిధముల చెప్పుచున్నవి.

పిల్లలకు దీనిని గుర్తుండునట్లు ఇట్లు చెప్పవచ్చును. వాక్యమును త్రిప్పినచో రెండుప్రక్కలను కాదనుము. రెండుప్రక్కలను కాదన్నచో వాక్యమును త్రిప్పుము. ఈ రెండుపనులును కలిపి చేసిన సత్యము సత్యముగానే యుండును. ఒక్కటి మాత్రమే చేసిన మోసము వచ్చును. పరీక్షలో తప్పు సమాధానములు చాలవఱకు ఈ సగముపని చేసినవారికొఱకు పన్నిన వలలు.

ఇప్పుడు మన తెలుగులోని సొగసును చూడుడు. “వాన కురిసిన పంట పండును” అనుట యొకటి. “వాన కురిసిననే పంట పండును” అనుట యింకొకటి. ఒక్క ‘నే’ చేరుటతో అర్థము తలక్రిందైనది. మొదటి వాక్యమున వాన చాలును. కురిసెనా, పంట వచ్చినట్లే. రెండవ వాక్యమున వాన కావలెను, కాని చాలునని చెప్పలేదు. పంట పండినదన్నచో వాన కురిసినదని మాత్రము నిశ్చయింపవచ్చును. వాన కురిసినను పురుగుపట్టి పంట పోవచ్చును. కూరకు ఉప్పు కావలెను. ఉప్పు వేసినంతమాత్రమున కూర రుచించునా? చాలుటయు, కావలసియుండుటయు వేఱువేఱని తెలిసినవారికి ఈ విద్యలో సగము వచ్చినట్లే.

అట్లే ‘గాని’ అను మాట. “పాలు త్రాగిననేగాని బిడ్డ నిద్రపోడు” అందుము. బిడ్డ నిద్రపోయెనా, పాలు త్రాగినట్లే. పాలు త్రాగలేదా, నిద్ర లేనట్లే. కాని పాలు త్రాగినచో తప్పక నిద్రపోవునని ఆ మాటకు హామీ యున్నదా? లేదని ప్రతితల్లికిని అనుభవమే. ఇంగ్లీషు ప్రశ్నలోని ‘అన్‌లెస్’, ‘ఓన్లీ ఇఫ్’ అను మాటలు కనబడినప్పుడు బిడ్డనో, వాననో తలచుకొని, మన ‘గాని’తోను ‘నే’తోను వాక్యమును తిరిగి చెప్పుకొన్న పిల్లకు తడబాటుండదు.

ఇక నొక చిక్కును కలిసి విప్పుదము. సీత, రమ, లక్ష్మి, గౌరి, వాణి, ఉమ అను ఆఱుగురు శ్రీశైలయాత్రనుగూర్చి ఆలోచించుచున్నారు. నియమము లివి:

1. రమ వెళ్ళిననే సీత వెళ్ళును.
2. రమ వెళ్ళినచో లక్ష్మియు వెళ్ళును.
3. లక్ష్మి వెళ్ళినచో గౌరి వెళ్ళదు.
4. గౌరి వెళ్ళనిచో వాణి వెళ్ళును.
5. ఉమ వెళ్ళినచో వాణి వెళ్ళదు.

నియమములను విడివిడిగ చదువుచు పోయిన తల తిరుగును. పూలు గ్రుచ్చునట్లు ఒక్కదారమున గ్రుచ్చవలెను. మొదటిదానిలో ‘నే’ యున్నది గనుక సీత వెళ్ళినచో రమ వెళ్ళినట్లని వ్రాసికొనుడు. అయిదవదానిని త్రిప్పి, రెండుప్రక్కలను కాదనిన, వాణి వెళ్ళినచో ఉమ వెళ్ళదని వచ్చును. ఇక దండ సిద్ధము: సీత వెళ్ళిన రమ, రమ వెళ్ళిన లక్ష్మి, లక్ష్మి వెళ్ళిన గౌరి లేదు, గౌరి లేకున్న వాణి, వాణి వెళ్ళిన ఉమ లేదు. ఈ దండను వెనుకనుండి ముందునకు, ఔనన్నదానిని కాదనుచు, కాదన్నదానిని ఔననుచు చదువుడు: ఉమ వెళ్ళిన వాణి లేదు, వాణి లేకున్న గౌరి, గౌరి వెళ్ళిన లక్ష్మి లేదు, లక్ష్మి లేకున్న రమ లేదు, రమ లేకున్న సీత లేదు.

ఇప్పుడు ప్రశ్నలు. సీత వెళ్ళినచో యాత్ర కెవరెవరు? దండను చూచి చదువుటయే: సీత, రమ, లక్ష్మి, వాణి. ఉమ వెళ్ళినచో? ఉమయు గౌరియు, ఇద్దఱే. లక్ష్మి వెళ్ళినదని మాత్రము తెలిసిన, రమ వెళ్ళినదా? ఇచ్చట తొందరపాటువారు ఔనందురు. రమ వెళ్ళిన లక్ష్మి వెళ్ళునని నియమము. లక్ష్మి వెళ్ళిన రమ వెళ్ళునని యెచ్చటను లేదు. చెప్పజాలమనుటయే సరియైన సమాధానము. గౌరియు వాణియు కలిసి వెళ్ళవచ్చునా? వెళ్ళవచ్చును. గౌరి లేకున్న వాణి కావలెననిరి గాని, గౌరి యున్నచో వాణి రారాదనలేదు. ఒక్కరును వెళ్ళకుండుట పొసగునా? పొసగదు, గౌరి మానిన వాణి బయలుదేరవలెను గదా.

ఆఱుగురిలో ఒక్కొక్కరు వెళ్ళుటయో మానుటయో లెక్కించిన 64 విధములగును. వానిలో నియమములకు లోబడి నిలుచునవి 7 మాత్రమే. గౌరి వెళ్ళిన మూడు: గౌరి యొక్కతెయే, గౌరియు వాణియు, గౌరియు ఉమయు. గౌరి మానిన నాలుగు: వాణి యొక్కతెయే, వాణితో లక్ష్మి, వారితో రమ, వారితో సీత. ఇంత చిన్న దండ అన్ని విధములను త్రోసివేసి ఏడింటిని మాత్రము మిగిల్చినది. పిల్లకు ఈ సంతోషమును ఒక్కమారు చవిచూపుడు. ఆ పిమ్మట ‘ఐనచో’ను చూచి భయపడదు.

“ఇంత సులభమైనచో చదువుకొన్నవారేల తప్పుదురు?” అని మీ రడుగవచ్చును. 1966లో ఇంగ్లండులో పీటర్ వాసన్ అను మనస్తత్వశాస్త్రవేత్త ఒక చిన్న పరీక్షను వెల్లడించెను. దానిని మన యక్షరములతో చెప్పెదను. బల్లపై నాలుగు చీట్లున్నవి. ప్రతిచీటికి ఒకవైపు అక్షరము, రెండవవైపు అంకె. పైకి కనబడునవి అ, క, 4, 7. ‘ఒకవైపు అచ్చున్నచో రెండవవైపు సరిసంఖ్య యుండును’ అను నియమము నిజమో కాదో తేల్చుటకు ఏ చీట్లను త్రిప్పిచూడవలెను? కళాశాల విద్యార్థులే చాలమంది అ, 4 త్రిప్పవలెననిరి. త్రిప్పవలసినవి అ, 7. నాలుగు వెనుక హల్లున్నను నియమమునకు భంగము లేదు. ఏడు వెనుక అచ్చున్ననే భంగము.

ఈ చిక్కునే వేఱువిధముగ చెప్పెదను. ఆవకాయ జాడీలో చేయి పెట్టినచో ఆ చేయి పొడిగా నుండవలెను. ఇది ఇంటిలోని నియమము. నలుగురు కోడండ్రున్నారు. ఒకతె జాడీలో చేయి పెట్టినది. చేయి తడియో పొడియో తెలియదు. రెండవయామె అన్నపుగిన్నెలో చేయి పెట్టినది. మూడవయామె చేయి పొడిగా నున్నది. ఎందులో పెట్టినదో కనబడుటలేదు. నాలుగవయామె చేయి తడిగా నున్నది; అదియు నెందులోనో కనబడుటలేదు. అత్తగారు ఎవరియొద్దకు పరుగెత్తును? మొదటియామెయొద్దకును, నాలుగవయామెయొద్దకును! పొడిచేతి యామెవంక చూడనైన చూడదు. చిక్కు రెండుచోట్లను ఒక్కటే. అలవాటైన కట్టుబాటుగా చెప్పిన, సామాన్యులును సరిగా తేల్చగలరని 1982లో గ్రిగ్స్, కాక్స్ అను వారి ప్రయోగములలో తేలినది. కావున ఆ సోదరి కుమార్తె అక్షరములతో తడబడినప్పుడెల్ల తల్లి దానిని జాడీగా మార్చి చెప్పవలెను. ఈ పనికి తల్లికన్న తగిన గురువు లేదు.

సోదరీమణులారా! ఈ విద్య పరీక్షతో ముగియునది కాదు. మన యిండ్లలో జరుగు అన్యాయములు కొన్ని ఈ రెండవ వాక్యమునుండి పుట్టినవే. ఇంటిలో ఉంగరము కనబడలేదనుకొనుడు. పెద్దలందఱు కేకలువేయ, పనిచేయు పిల్ల గజగజ వణకినది. “దొంగకు భయముండును, ఇది భయపడుచున్నది, కనుక నిదియే దొంగ” అని నిశ్చయించి ఆ పిల్లను వెడలగొట్టుట మన మెఱుగనిది గాదు. దొంగయైనచో భయపడుననుట ఒప్పుకొందము. భయపడినచో దొంగయనుట యెట్లు వచ్చినది? ఆ పిల్ల పేదది. పోయిన కూడు తిరిగి రాదని భయపడినది. అది పొగలేని నిప్పు, కాలిన యినుపగుండు. దానిని వ్రేలితో చూపి పొగ యని యరచిన, ఒక పేద కుటుంబము కూడు పోవుచున్నది. అట్లే “పుణ్యము చేసికొన్నవారికే సంతానము కలుగును” అను మాటనుండి “సంతానము లేదు గనుక పుణ్యము లేదు” అని ఒక స్త్రీ ముఖముమీదనే యనుట. ఆ మొదటి మాటయే నిలుచునది కాదు. దానిని ఒక నిమిషము నిజమనుకొన్నను రెండవ మాట దానినుండి రాదు. ఇట్టి మాట వినబడినప్పుడు ఊరకుండక, “మొదటి మాటనుండి ఈ మాట యెట్లు వచ్చినదమ్మా?” అని నెమ్మదిగా నడుగగలిగిన స్త్రీ యొక్కతె యింటనున్నచో ఎందఱి కన్నీరో ఆగును.

ఆ యమ్మాయి న్యాయవాది కాగోరుచున్నది. 1916లో రెజినా గుహ అను విదుషి న్యాయశాస్త్రమున పట్టము పొంది ప్లీడరుగా చేర్చుకొనుడని కోరగా, చట్టములోని మాటలు స్త్రీలకు వర్తింపవని కలకత్తా ఉన్నతన్యాయస్థానము త్రోసిపుచ్చినది. 1923లో ప్రత్యేకముగా చట్టము చేసినపిమ్మటనే ఆ యడ్డు తొలగినది. అర్హత యున్నచో ప్రవేశ మిచ్చెదమనిన మాటలో స్త్రీ చేరునా చేరదా యను ప్రశ్నకు అన్నేండ్లు పట్టినది. మాట యెంతవఱకు వచ్చినది, ఎంతవఱకు రాలేదు అని తూచి చూచువారు న్యాయస్థానములలో పెరుగవలెను. వారిలో మన పిల్లలుండవలెను.

ఆ సోదరికి నా సలహా యిది. దినమునకు అరగంటకన్న నెక్కువ కూర్చుండబెట్టకుడు. మొదటి పక్షము గడియారము చూపకుడు. నిదానము కుదిరినపిమ్మటనే వేగము. తప్పిన ప్రశ్నను కొట్టివేయక, త్రిప్పుట మఱచినదా, కాదనుట మఱచినదా, లేక ‘నే’ను చూడలేదా యని ప్రక్కన వ్రాయింపుడు. నాలుగువారములలో ఏ తప్పు మాటిమాటికి వచ్చుచున్నదో ఆ కాగితమే చెప్పును.

ఈ మాసపు చిక్కు అందఱకును. పండుగనాడు అరిసెలు, బూరెలు, గారెలు, జంతికలు, సున్నుండలు అను అయిదింటినిగూర్చి ఇంటిలో కట్టుబాట్లివి. అరిసెలు వండినచో జంతికలును వండవలెను. బూరెలు వండిననే జంతికలు వండుదురు. గారెలు వండనిచో బూరెలు వండరు. సున్నుండలు వండినచో గారెలు వండరు. సున్నుండలు చేసినయేడు వానితో ఇంకేమి వండవచ్చును? గారెలు వండిరని మాత్రము తెలిసిన, బూరెలసంగతి చెప్పగలమా? దండ గ్రుచ్చి చూడుడు. ఉత్తరము వచ్చు మాసమున.